పంపును నమ్మాలా, చేతిని నమ్మాలా?

యమహా బ్లాస్టర్ అనే చిన్న ఏటీవీని (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండిని) సెకండ్‌హ్యాండ్‌లో కొన్న అమెరికన్ కుర్రాడికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు: ముందు ఆ ఆయిల్ పంపు పీకి పారెయ్యి. సైలెన్సర్ మార్చడం, పెద్ద కార్బురేటర్ వేయడం, పోర్టింగ్ చేయించడం అన్నీ ఆ తర్వాతే. పంపు ఉన్నచోట చిన్న అల్యూమినియం పలక బిగించి, నూనెను కొలిచి పెట్రోల్‌లోనే కలిపేసుకుంటే ఇక దిగులుండదని ఆ సలహా సారం. కొందరు వినరు. ఇంజన్ బలం పెంచుకుంటాం గానీ పంపు జోలికి పోము అంటారు. ఈ రెండు వర్గాల వాదన పుట్టింది మెకానిక్ షెడ్డులోనే. కానీ కాస్త వేదాంతం చెవిన పడ్డవాడు వింటే ఇది పాత తగవేనని పోల్చుకుంటాడు. కంటికి కనిపించని పోషణను నమ్ముకుని బతకవచ్చా? లేక ఎవరి రక్షణ వాళ్ళ చేతిలో ఉండాల్సిందేనా?

ముందు యంత్రం సంగతి. టూస్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ కింద నూనె నిలవ ఉండదు, ఉండే వీలూ లేదు. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం మొదట క్రాంక్‌కేసులోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి లోనై, ఆ తర్వాతే సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అందుకే బేరింగులకూ పిస్టన్‌కూ అందాల్సిన నూనె ఆ మిశ్రమంతోనే ప్రయాణం చెయ్యాలి. పని ముగిశాక అదీ కాలిపోతుంది. తెలుగు ఊళ్ళ పెట్రోల్ బంకుల్లో చేతక్ స్కూటర్లకూ ఆటోలకూ టూటీ ఆయిల్ పోయించుకున్న తరానికి ఇది చెప్పనక్కర్లేదు. నీలం పొగ, ఆ వాసన ఇంకా గుర్తుండే ఉంటాయి.

కొలిచి కలపడంలో ఉన్న చిక్కు కూడా వాళ్ళకు తెలుసు. 32 పాళ్ళ పెట్రోల్‌కు ఒక పాలు నూనె అంటే లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు. బండి నిలబడి గుడగుడలాడుతున్నా అదే పాలు, ప్రాణం పెట్టి పరుగెత్తుతున్నా అదే పాలు. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. 1964లో యమహా తన వైఏ-6 మోటార్‌సైకిల్‌లో ఆటోల్యూబ్ పేరుతో విడి నూనె ట్యాంకూ పంపూ పెట్టింది ఈ చిక్కు తీర్చడానికే. ఇంజన్ తిరిగే కొద్దీ ఆ పంపు తిరుగుతుంది. యాక్సిలరేటర్ లాగే కొద్దీ ఒక కేబుల్ పంపు మీది చిన్న కప్పీని తిప్పి, లోపలి ప్లంజర్ స్ట్రోక్‌ను పెంచుతుంది. అంటే పంపుకు తెలిసినవి రెండే సంగతులు: ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, రైడర్ యాక్సిలరేటర్‌ను ఎంత లాగాడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి, వాదనంతా చివరకు దీని దగ్గరికే వస్తుంది.

కొండ దిగేటప్పుడు పంపు విలువ తెలుస్తుంది. యాక్సిలరేటర్ మూసేస్తారు, కానీ చక్రాలు ఇంజన్‌ను జోరుగా తిప్పుతూనే ఉంటాయి. పెట్రోల్‌లోనే నూనె కలిపిన బండికి ఆ సమయంలో పెట్రోలూ అంతంతమాత్రమే, నూనే అంతంతమాత్రమే. పంపు ఉన్న బండికి మాత్రం చక్రం తిరిగినంతసేపూ కొంతైనా అందుతుంది. స్వీడన్‌లో సాబ్ కంపెనీ తన టూస్ట్రోక్ కార్లకు ఫ్రీవీల్ పెట్టడానికి ఒక కారణం సరిగ్గా ఈ గండమే. దిగుడులో ఇంజన్‌ను చక్రాల నుంచి విడదీసి బతికించుకున్నారు.

బ్లాస్టర్ 1988లో వచ్చింది. గాలికి చల్లబడే ఒకే సిలిండర్, 66 మిల్లీమీటర్ల బోరు, 57 మిల్లీమీటర్ల స్ట్రోక్, 195 సీసీ. కొత్తగా నేర్చుకునేవాడు కొలతలు మరిచిపోతాడని కంపెనీ దానికి పంపు ఇచ్చింది. అదే కంపెనీ దానికి ఒక ఏడాది ముందు తెచ్చిన బన్షీ అనే 347 సీసీ బండికి మాత్రం పంపు ఇవ్వలేదు. తమాషా ఏమిటంటే బన్షీ ఇంజన్‌కు మాతృక ఆర్‌జెడ్ 350 మోటార్‌సైకిల్, దానికి ఆటోల్యూబ్ ఉంది. మన రాజ్‌దూత్ 350 కూడా ఆ వంశపుదే, దానికీ ఉంది. పోటీలకు పోయే మొనగాడికి పంపు అక్కర్లేదనీ, బుడతడికి కావాలనీ కంపెనీయే తేల్చినట్టయింది. బ్లాస్టర్ కొన్నవాడికి పంపు పీకెయ్యాలనిపించడం వెనక ఈ పరువు కూడా కొంత పనిచేస్తుంది. పంపు ఉంటే ఇంకా బుడతల జాబితాలోనే ఉన్నట్టు లెక్క.

అయితే అసలు కారణం పరువు కాదు, భయం. పంపు చెప్పి పాడవదు. కేబుల్ తెగినా, గొట్టంలో గాలి బుడగ చేరినా, లోపలి గేరు అరిగినా ఇంజన్ వెంటనే ఫిర్యాదు చెయ్యదు. మిగిలిన నూనె తడితో కాసేపు బాగానే తిరుగుతుంది. నిజానికి ఆ క్షణాల్లో ఎప్పటికన్నా చురుగ్గా ఉన్నట్టు కూడా అనిపించవచ్చు. ఆ తర్వాత పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్ గోడను పట్టేస్తుంది, వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. విప్పి చూస్తే పిస్టన్ పక్కల నిలువునా గీతలు, కరిగి పూసుకున్న అల్యూమినియం. ఇక మళ్ళీ బోరు కొట్టించి కొత్త పిస్టన్ వెయ్యాల్సిందే. కలిపి పోసుకునేవాడి ధీమా ఇక్కడే: ట్యాంకులో పెట్రోల్ ఉందంటే అందులో నూనె ఉన్నట్టే. ఇంజన్ నడుస్తోందంటే నూనె అందుతున్నట్టే.

శ్రీవైష్ణవంలో ఈ రెండు స్వభావాలకూ ఏనాడో పేర్లు పెట్టారు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుని ఉంటుంది, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని చోటు మారుస్తుంది. జీవుడు కొంతైనా ప్రయత్నం చెయ్యాలనే వడగలై వారిది మర్కట కిశోర న్యాయం, భగవంతుడి కృపకు మన ప్రయత్నం షరతు కానే కాదనే తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. మొదటి వర్గానికి వేదాంత దేశికులు, రెండో వర్గానికి పిళ్ళై లోకాచార్యులు పెద్దదిక్కు. ఇద్దరూ 13, 14 శతాబ్దాలవారు. భగవద్గీత 18వ అధ్యాయంలోని 66వ శ్లోకం మీద ఈ రెండు సంప్రదాయాలూ తరాల తరబడి తర్కించాయి. అన్ని ధర్మాలూ విడిచి శరణు వేడమంటే, ఆ విడవడం కూడా మనం చేసే పనేనా? దేశికుల మార్గంలో ఆ శరణాగతి ఒక వ్యాజం, అంటే కృప ప్రవహించడానికి జీవుడు చూపే చిన్న నెపం. లోకాచార్యుల మార్గంలో ఆ నెపం కూడా మన ఖాతాలో వేసుకోకూడదు.

పోతన భాగవతం చదువుకున్న ఇళ్ళలో గజేంద్రుడి కథే ఇందుకు చాలు. మొసలితో వెయ్యేళ్ళు పోరాడి, ఒంట్లో సత్తువ అయిపోయాక పిలిచాడు. ఆ పిలుపు చివరి ప్రయత్నమా, ప్రయత్నం ముగిసిందనడానికి గుర్తా? ఏ వైపువారైనా ఆ ఏనుగును తమవాడే అంటారు.

బ్లాస్టర్ మీద ఎక్కించి చూస్తే పంపు ఉంచుకున్నవాడు పిల్లిపిల్ల, కలిపి పోసుకునేవాడు కోతిపిల్ల. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ ఈ పోలికను ఇక్కడితో వదిలేస్తే రెండు వర్గాలకూ అన్యాయమే. మొదటిది, కలిపి పోసుకునేవాడు అనుకున్నంత స్వతంత్రుడేమీ కాదు. సీసా మీది గీతను నమ్ముతాడు, బంకు మీటరును నమ్ముతాడు, నిన్న రాత్రి ఆ క్యానులో నూనె కలిపానా లేదా అన్న తన జ్ఞాపకాన్ని నమ్ముతాడు. నూనె కలపని క్యాను పొరపాటున ట్యాంకులో పడితే, కాసేపటికి జరిగేది పంపు ఆగినప్పుడు జరిగేదే. నమ్మకం లేకుండా పోలేదు, పంపు మీది నుంచి జ్ఞాపకశక్తి మీదికి బదిలీ అయింది, అంతే. వీటిలో ఏది గట్టిదో ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. లోకాచార్యులు భారం వెయ్యమన్నది సర్వజ్ఞుడి మీద. పంపు సర్వజ్ఞుడు కాదు.

ఇంజన్ బలం పెంచేటప్పుడు ఈ తేడా బయటపడుతుంది. ఫ్యాక్టరీ కార్బురేటర్ తీసి పెద్దది వేస్తే ప్రతి తిప్పులోనూ ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. పంపుకు ఆ సంగతి తెలియదు. దానికి తెలిసింది వేగమూ, కేబుల్ లాగిన దూరమూ మాత్రమే. కొత్త సైలెన్సర్ వల్ల ఇంజన్ మునుపటికన్నా ఎక్కువ వేగంతో తిరిగితే పంపు తనంతట తానే ఎక్కువ పోస్తుంది, అది మంచిదే. కానీ అదే వేగంలో, అంతే యాక్సిలరేటర్ దగ్గర ఎక్కువ పెట్రోల్ కాలుతుంటే నూనె పాలు తగ్గినట్టే. పైగా కొత్త కార్బురేటర్ స్లైడు లేచే ఎత్తు పాతదానికి సరిపోకపోతే, కార్బురేటర్ పూర్తిగా తెరుచుకున్నా పంపు కప్పీ ఇంకా పూర్తిగా తిరిగి ఉండకపోవచ్చు. నూనె గొట్టం దూర్చడానికి ఆ కార్బురేటర్‌కు చోటే లేకపోవచ్చు కూడా. అప్పుడు ఇన్‌టేక్ వైపు చోటు చేసుకోవాలి.

అందుకే పంపు ఉంచుకునేవాడు చెయ్యాల్సిన పని, పీకేసినవాడికన్నా ఎక్కువ. పంపు మూత తీసి వంగి చూస్తే కప్పీ అంచున గోటితో గీసినంత సన్నని గీత కనిపిస్తుంది. మాన్యువల్ చెప్పిన యాక్సిలరేటర్ స్థానంలో ఆ గీత ఎదురుగా ఉన్న గుర్తుకు సరిగ్గా రావాలి. రాకపోతే కేబుల్ సర్దాలి. కొంచెం పక్కనే ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే నూనె మెల్లగా ఊరుతుంది, మొదట బుడగలతో, తర్వాత బుడగలు లేకుండా. బుడగ కనబడినంతసేపూ స్క్రూ బిగించకూడదు. కనీస స్ట్రోక్‌ను సన్నటి షిమ్‌లతో సరిచేసుకునే ఏర్పాటు కూడా యమహా పంపుల్లో ఉంది. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష మాత్రం లెక్కే. రెండు ట్యాంకులూ గీత దాకా నింపి, బాగా తిప్పుకొచ్చి, మళ్ళీ నింపుతూ ఎంత పట్టిందో కొలవడం. ఆరు లీటర్ల పెట్రోల్‌కు 200 మిల్లీలీటర్ల నూనె ఖర్చయితే 30:1 అన్నమాట. పంపు మాట్లాడదు కాబట్టి దాని తరఫున ఈ అంకె మాట్లాడుతుంది.

ఇవేవీ చెయ్యకుండా, జపాన్ కంపెనీ పెట్టిన పంపు కదా, అదే చూసుకుంటుందిలే అనుకునే మనిషి గురించి ఇంగ్లండ్ గణితవేత్త విలియం కింగ్డన్ క్లిఫర్డ్ 1877లోనే రాశాడు. ఆయన చెప్పింది ఒక ఓడ యజమాని కథ. ఓడ పాతది, మరమ్మతు కావాలని అనుమానం. కానీ ఇన్ని ప్రయాణాలు తట్టుకుంది కదా, వలసపోయే ఇంతమంది కుటుంబాలను దేవుడు కాపాడడా అని మనసుకు నచ్చజెప్పుకుంటాడు. ఓడ మునుగుతుంది, ఆయన బీమా డబ్బు తీసుకుంటాడు. ఒకవేళ మునగకపోయినా అతని నేరం అంతే ఉంటుందని క్లిఫర్డ్ తీర్పు, ఎందుకంటే ఆ నమ్మకానికి అతను హక్కు సంపాదించుకోలేదు. క్లిఫర్డ్ ఊహించి రాశాడనుకోనక్కర్లేదు. 1870లో సూర్యగ్రహణం చూడబోయి సిసిలీ దగ్గర ఓడ దెబ్బతిని బతికి బయటపడ్డవాడాయన.

క్లిఫర్డ్ కథ తరచు దైవభక్తి మీద విసిరే రాయిగా వాడుకలో ఉంది. జాగ్రత్తగా చదివితే ఆ యజమాని తప్పు భక్తి కాదు. ఓడ అడుగుభాగం చూడటానికి బద్ధకించి, ఆ బద్ధకానికి దేవుడి పేరు పెట్టుకున్నాడు. దేవుణ్ణి నమ్మే ఇంకొకడు అదే ఓడను రేవులో లేవనెత్తి పలకలు మార్పించి ఉండేవాడు.

పంపూ ఉంచుకుని, ట్యాంకులో కూడా కాస్త నూనె కలిపే మధ్యేమార్గం ఒకటి షెడ్డుల్లో బాగా చెలామణిలో ఉంది. పంపు ఆగినా ఈ కాస్త నూనె కాపాడుతుందని లెక్క. వినడానికి తెలివిగానే ఉంది. అయితే కార్బురేటర్ జెట్ కొలిచేది ద్రవాన్ని, అందులో పెట్రోల్ ఎంతో నూనె ఎంతో దానికి పట్టదు. 32:1 పాళ్ళలో కలిపితే జెట్ గుండా వెళ్ళేదానిలో మూడు శాతం నూనె, అంటే ఇంజన్‌కు ఆ మేరకు పెట్రోల్ తక్కువ. పెట్రోల్ తగ్గితే వేడి పెరుగుతుంది. బలం పెంచిన ఇంజన్ అప్పటికే అంచు మీద నడుస్తుంటే, కాపాడటానికి పోసిన నూనే పిస్టన్‌కు వేడి పుట్టిస్తుంది. జెట్ మార్చుకుని, ప్లగ్గు రంగు చూసుకుంటే ఆ మార్గంలో తప్పులేదు. మార్చుకోకుండా పోస్తే అది జాగ్రత్త కాదు, బెంగ. రోజూ మొక్కుకుంటూనే పూటకో జ్యోతిష్కుడి దగ్గరికి పరుగెత్తేవాళ్ళు మనకు కొత్తేమీ కాదు.

క్లిఫర్డ్‌కు జవాబుగా అమెరికాలో విలియం జేమ్స్ 1896లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. రుజువు వచ్చేదాకా ఆగడం అన్నిచోట్లా కుదరదనీ, కొన్ని సందర్భాల్లో నమ్మి అడుగు వేస్తేనే ఫలితం సాధ్యమనీ ఆయన పట్టు. కొండ చీలికను దూకాల్సిన మనిషి ఉదాహరణ ఆయన రచనల్లో కనిపిస్తుంది. దూకగలనని నమ్మినవాడి కాలికి బలం వస్తుంది, సందేహించినవాడు లోయలో పడతాడు. ఇద్దరిలో ఒకరే ఒప్పు కావాలని పట్టుబట్టనక్కర్లేదు. ఏటీవీ నడిపేవాడికి ఇద్దరూ పనికొస్తారు, వేళలు వేరు. షెడ్డులో క్లిఫర్డ్ మాట వినాలి. ఇసుక దిబ్బ ఎక్కుతుండగా సగంలో పంపు గుర్తొచ్చి యాక్సిలరేటర్ వదిలేస్తే బండి వెనక్కి దొర్లుతుంది, అక్కడ జేమ్స్ మాటే వినాలి. సందేహించాల్సిన చోట సందేహం తీర్చుకున్నవాడికే ఆ రెండోది చేతనవుతుంది.

ఇంతకీ మార్జాల న్యాయం చెప్పిన లోకాచార్యులు స్వయంగా ఎలా నడిచారన్నది ఈ వాదనలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి. 14వ శతాబ్దం తొలి భాగంలో ఢిల్లీ సుల్తానుల సేనలు శ్రీరంగం మీద పడ్డాయి. కృప కోసం జీవుడు వేలెత్తనక్కర్లేదని బోధించిన ఆ వృద్ధ ఆచార్యుడు, సంప్రదాయ గాథ ప్రకారం, రంగనాథుడు చూసుకుంటాడులే అని కూర్చోలేదు. ఉత్సవమూర్తి నంపెరుమాళ్‌ను తీసుకుని పరివారంతో దక్షిణంగా అడవిదారిన వెళ్ళిపోయారు, మదురై దగ్గర జ్యోతిష్కుడి అనే ఊళ్ళో కన్నుమూశారు. ప్రయత్నం కావాలన్న దేశికులు ఆ దాడి వేళ శవాల మధ్య దాగి శ్రుతప్రకాశిక అనే వ్యాఖ్యాన గ్రంథం తాళపత్రాలను కాపాడారని అంటారు. సిద్ధాంతంలో ఎదురెదురుగా నిలిపిన ఇద్దరు పెద్దలూ ఆపద వేళ చేసిన పని దాదాపు ఒకటే. నంపెరుమాళ్ ఊరూరా తిరిగి తిరుమల చేరాడు. అక్కడి రంగనాయక మండపానికి ఆ పేరు అందువల్లే వచ్చిందంటారు. 1371లో విజయనగర అధికారి గోపన్న తిరిగి శ్రీరంగంలో ప్రతిష్ఠించినట్టు ఆలయ శాసనం ఉంది.

మన రక్షణ భారం దేవుడిదే అన్న ఆచార్యుడు, దేవుడి విగ్రహ రక్షణ భారం తన నెత్తిన వేసుకున్నాడు. ఇందులో వైరుధ్యం ఉందని నవ్వేవారుంటారు. వైరుధ్యం లేదనే చెప్పాలి. ఆయన సిద్ధాంతం మోక్షానికి కృప తప్ప వేరే సాధనం లేదంటుంది గానీ, కళ్ళముందున్న పని మానెయ్యమని చెప్పదు. ఫలితం చేతిలో లేదని తెలిసినవాడు చేతిలో ఉన్నదాన్ని ఇంకా శ్రద్ధగా పట్టుకుంటాడు. పంపు ఉంచుకుని కేబుల్ గుర్తు ఎన్నడూ చూడనివాడు లోకాచార్యుల శిష్యుడు కాడు, క్లిఫర్డ్ ఓడ యజమానికి దాయాది.

బ్లాస్టర్, బన్షీ రెండూ 2006 మోడల్‌తో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. అంటే ఇప్పుడు తిరిగే ప్రతి పంపూ ఎవరో ఒకరి చేతి మీద ఆధారపడి తిరుగుతున్నదే. పోటీలకు పోయే బండికి, సిలిండర్ పెంచి రూపమే మార్చేసిన బండికి కొలిచి కలుపుకోవడమే మేలు, అందులో వాదన లేదు. సైలెన్సర్, రీడ్ వాల్వులు, ఒక సైజు పెద్ద కార్బురేటర్ వరకు ఆగేవాడికి మాత్రం పంపు పీకడానికి సరైన కారణం కనిపించదు. దాన్ని చూసే ఓపిక లేకపోవడం తప్ప.

మన దగ్గర 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆర్‌ఎక్స్ 100కు కూడా ఇదే ఆటోల్యూబ్ పంపు ఉంది. ఆ బండి ఇంట్లో ఉండి, పంపు మూసేసి నూనె పెట్రోల్‌లో పోసుకోమని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు మూత ఒక్కసారి తీయించి కేబుల్ గుర్తు ఎక్కడుందో చూడండి. గొట్టంలో గాలి తీయించండి. నాలుగైదు లీటర్ల పెట్రోల్‌కు నూనె ఎంత తగ్గిందో కొలవండి. ఆ అంకె సరిగా లేకపోతే అప్పుడు పంపు మూయించండి.